ఎడిటర్ అని నా పేరు వేస్తే నాన్న చూస్తారు

ఈసారి ఒక్క ఉత్తరానికే జవాబు. ఆరు పేజీల ఉత్తరం. రాసిన అబ్బాయికి ఇరవై తొమ్మిదేళ్లు, తెనాలి వైపు పల్లె. ఊరి పేరూ ఇంకొన్ని గుర్తులూ నేనే మార్చాను.

జర్నలిజం స్కూల్లో చదివి, ఒక పెద్ద మీడియా సంస్థలో ట్రైనీగా చేరి, ఏడేళ్లలో అక్కడే యువత పేజీకీ దాని వెబ్‌సైట్‌కీ ఇన్‌చార్జి అయ్యారు. చేతికి 52 వేలు వస్తాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ ఎల్‌జీబీటీక్యూ (గే, లెస్బియన్, ట్రాన్స్ వగైరా) యువత కోసం తెలుగులో వెబ్ పత్రిక పెడుతోంది. మూడు నెలలకోసారి అచ్చు సంచిక కూడా వేస్తారట. ఎడిటర్‌గా రమ్మని ఈయన్ని పిలిచారు. జీతం 45 వేలు. రెండేళ్లకు సరిపడా గ్రాంటు ఉంది, తర్వాతి సంగతి తర్వాత అంటున్నారు.

ఈయన గే. ఆఫీసులో ఇద్దరికి తెలుసు. ఇంట్లో ఎవరికీ తెలియదు, కనీసం ఈయన లెక్కలో. నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు. కొడుకు పేరుతో వచ్చిన ప్రతి ముక్కా కత్తిరించి, లాంగ్ నోట్‌బుక్‌లో మైదా జిగురుతో అంటించి, పక్కన ఎర్ర ఇంకుతో తేదీ వేస్తారు. అచ్చుతప్పు కనిపిస్తే దాని కిందా ఎర్ర గీత పడుతుంది. మూడో నోట్‌బుక్ నడుస్తోంది. చెల్లెలికి ఇరవై నాలుగు, సంబంధాలు చూస్తున్నారు.

“అమ్మా, ఎడిటర్ అని నా పేరు వేస్తే నాన్న చూస్తారు. వేయకపోతే ఎందుకు వేయలేదని అడుగుతారు. కలం పేరు పెట్టుకోవచ్చని సంస్థవాళ్లు అంటున్నారు. నేను దాక్కుని, భయపడొద్దని పిల్లలకు రాయడం మోసం కాదా? ‘అక్కడికెళ్తే ముద్ర పడుతుంది, మళ్లీ మెయిన్ డెస్కుకు ఎవరూ తీసుకోరు’ అని మా న్యూస్ ఎడిటర్ అన్నారు. చెల్లి పెళ్లయ్యేదాకా ఆగుదామంటే ఈ అవకాశం ఆగదు.” ఇదీ ఆయన ప్రశ్న.

బాబూ, మీ ఉత్తరంలో జీతం గురించి నాలుగు లైన్లున్నాయి. నోట్‌బుక్ గురించి పేజీన్నర ఉంది. కాబట్టి మీరు నన్ను ఉద్యోగం గురించి అడుగుతున్నానని అనుకుంటున్నారు గానీ, అడుగుతున్నది అది కాదు. ఉద్యోగం, పేరు, నాన్న - మూడింటినీ ఒకే తాడుతో కట్టేసి, ఏది లాగినా మిగతా రెండూ మీద పడతాయని భయపడుతున్నారు. విడదీసి చూద్దాం. ఉద్యోగంతో మొదలుపెడతాను, అది కొంచెం తేలిక.

ముద్ర సంగతి. మీ న్యూస్ ఎడిటర్ అబద్ధం చెప్పలేదు. మన డెస్కుల్లో సినిమా పేజీ చూసినవాడు ఎప్పటికీ సినిమావాడే, వ్యవసాయం చూసినవాడు ఎప్పటికీ ఎరువులవాడే. నేను పదకొండేళ్లు మహిళల పేజీ చూశాను. ఎడిటోరియల్ మీటింగ్‌లో బడ్జెట్ మీద నోరు తెరిస్తే “మీకెందుకండీ” అన్నట్టు చూసేవారు. మీ పత్రిక నుంచి తిరిగొస్తే మీకూ ఆ చూపు తప్పదు. అయితే మీమీద ఇప్పటికే ఒక ముద్ర ఉంది కదా, యువత పేజీ ఇన్‌చార్జి అని. దాన్నుంచి మెయిన్ డెస్కుకు వెళ్లినవాళ్లు మీ ఆఫీసులో ఎందరు? చేతి వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. ఉన్న దారి మూసుకుపోతుందని బాధపడే ముందు, ఆ దారి నిజంగా తెరిచే ఉందా అని చూసుకోవాలి.

యువత పత్రిక నుంచి ఎల్‌జీబీటీక్యూ పత్రికకు వెళ్లడం లోకంలో కొత్త కాదు. అమెరికాలో ఫిలిప్ పికార్డీ అనే ఎడిటర్ అచ్చం మీ దారినే నడిచారు. కాండే నాస్ట్ అనే సంస్థ యువత కోసం నడిపే ‘టీన్ వోగ్’ పత్రికలో డిజిటల్ విభాగాన్ని నడిపారు. 2017 అక్టోబరులో అదే సంస్థలో ‘దెమ్’ అనే ఎల్‌జీబీటీక్యూ పత్రిక మొదలుపెట్టారు. 2018లో పాతికేళ్ల పైబడిన ‘అవుట్’ పత్రికకు ఎడిటర్ అయ్యారు. 2019 చివరికల్లా అక్కడి నుంచీ బయటికొచ్చేశారు. తర్వాత హార్వర్డ్‌లో మతాధ్యయనం చదివి, లాస్ ఏంజెలెస్‌లోని ఎల్‌జీబీటీ సెంటర్‌లో కమ్యూనికేషన్ల పెద్ద పదవిలో చేరారు. ముద్ర పడిందా అంటే పడింది, ఆ ముద్రతోనే తర్వాతి తలుపులు తెరుచుకున్నాయి. కానీ అవన్నీ న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ తలుపులు. తెలుగులో ఆ తలుపులు ఎన్ని ఉన్నాయో మీకూ నాకూ తెలుసు. ఈ ఉద్యోగం తర్వాత మీకు దొరికేది మెయిన్ డెస్కు కాకపోవచ్చు. స్వచ్ఛంద సంస్థల్లోనో, ఆరోగ్య ప్రచార రంగంలోనో, అనువాదంలోనో పని దొరుకుతుంది. అది మీకు సమ్మతమేనా? దీనికి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరే ఉంది.

ఆయన కథలో ఇంకో ముక్క మీకు ఎక్కువ పనికొస్తుంది. ‘అవుట్’లో ఆయన రాకముందు నుంచీ పేరుకున్న బకాయిలు, రాసినవాళ్లకు డబ్బులు అందని సంగతి, 2019 మొదట్లో పెద్ద గొడవైంది. బకాయి పెట్టేది యాజమాన్యం, ముఖం చూపించాల్సింది ఎడిటర్. ఇది నాకు అనుభవమే. నేను పనిచేసిన ఒక వారపత్రిక మూతపడే ముందు ఏడాదంతా రచయితలకు పారితోషికాలు ఆగిపోయాయి. యజమాని ఫోన్ ఎత్తేవారు కాదు, నా ఫోన్ మోగుతూనే ఉండేది. శ్రీకాకుళం నుంచి ఒక కథకుడు వారం వారం కార్డు రాసేవాడు. డబ్బు మాట ఎత్తేవాడు కాదు, “క్షేమమని తలుస్తాను” అని మాత్రం రాసేవాడు. ఆ కార్డులు ఇప్పటికీ నన్ను వదల్లేదు. రేపు మీకు రాసేది ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్ అమ్మాయి కావచ్చు, ఫీజు కట్టుకోవాల్సిన కుర్రాడు కావచ్చు. వాళ్లకిచ్చే వెయ్యి రూపాయలు మీ జీతం లెక్కలో కలవకుండా, విడిగా, ముందే పక్కన పెట్టి ఉందా అని అడగండి. నీళ్లు నమిలితే, ఆ ఒక్క కారణానికే వద్దనుకున్నా తప్పులేదు.

గ్రాంటు ఎక్కడి నుంచి వస్తోందో కూడా అడగండి. విదేశీ డబ్బయితే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం అడ్డం వస్తుంది. రిజిస్టరైన వార్తాపత్రిక యజమానులూ ఎడిటర్లూ ప్రచురణకర్తలూ విదేశీ విరాళం తీసుకోకూడదని అందులో ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆడియో, వీడియో వార్తలు, వర్తమాన విషయాల కార్యక్రమాలు ఇచ్చే సంస్థలకూ ఆ నిషేధం ఉంది. జీతానికి మినహాయింపు ఉన్నా, మీ పత్రిక ఈ గీతకు ఏ వైపు ఉంటుందో ఒక లాయరు కాగితం మీద రాసివ్వాలి, చేరాక కాదు, చేరకముందు. అశోక్ రావ్ కవి 1990లో బొంబాయిలో మొదలుపెట్టిన ‘బాంబే దోస్త్’ అంతటి గే పత్రికే 2002లో ఆగిపోయి, మళ్లీ 2009లో గానీ కళ్లు తెరవలేదు. రెండేళ్ల గ్రాంటు అంటే రెండేళ్ల ఉద్యోగం. 45 వేలను ఇరవై నాలుగుతో గుణించి, అక్కడ గీత గీసి, ఆ తర్వాత సున్నా అనుకుని ఇంటి అద్దె లెక్క వేసుకోండి. అప్పుడూ వెళ్లాలనిపిస్తే వెళ్లండి.

ఇక పని. మీరు ఉత్తరంలో రాసిన రెండు సంగతులు నేను రెండుసార్లు చదివాను. కలిసి బతుకుతామని పోలీస్ స్టేషన్‌కు వచ్చిన ఇద్దరు అమ్మాయిల వార్తకు మీరు “మేమిద్దరం కలిసే ఉంటాం” అని హెడ్డింగ్ పెడితే, రాత్రి డెస్కులో అది “వింత ప్రేమ” అయింది. తెల్లారి పేపర్లో చూసుకున్నారు. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చిన సాయంత్రం మీరు ట్రైనీ. డెస్కులో అందరూ జోకులేసుకుని నవ్వుతుంటే మీరూ నవ్వారు. “ఆ నవ్వు నాది కాదమ్మా, కానీ నా మొహం మీదే ఉంది” అని రాశారు.

మీకు ఆ పత్రిక ఎందుకు కావాలో ఆ మాటలోనే ఉంది. తెలుగులో ఈ పని చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది. మన పత్రికల్లో పాతుకుపోయిన మాట ‘స్వలింగ సంపర్కులు’. ఇద్దరు మగాళ్లు ఒకే ఇంట్లో ఉండి గోంగూర వండుకుంటున్నా, కరెంటు బిల్లు గురించి పోట్లాడుకుంటున్నా ఆ మాట వాళ్లని పడకగది దాటనివ్వదు. ట్రాన్స్ వాళ్ల గురించి రాసేటప్పుడు మనం వాడే మాటల్లో సగం తిట్లే. హిజ్రాలను నేరస్తుల్లా చూసిన నిజాం కాలం నాటి ‘యూనక్స్ యాక్ట్’ను తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. చట్టం పోయింది, దాని నీడ హెడ్డింగుల్లో మిగిలింది. ఏ మాట వాడాలి, ఏది వద్దు, ఎదుటివాళ్లు తమను ఏమని పిలిపించుకుంటారు అని కూర్చుని పట్టిక రాసుకునే ఎడిటర్ తెలుగుకు అవసరం. ఆ పట్టిక మీరు ఇప్పుడున్న కుర్చీలోంచి కూడా రాయొచ్చు. అదీ ఒక దారే. ఉద్యోగం మారకుండా, మీ పేజీలో, మీ సైట్లో, పోట్లాడి నాలుగు మాటలు మార్చడం. చదివేవాళ్లు అక్కడ లక్షల్లో ఉంటారు, కొత్త పత్రికకు వేలల్లో ఉంటే గొప్ప. కాకపోతే రాత్రి డెస్కు చేతిలో మీ హెడ్డింగ్ మళ్లీ చస్తుంది, మీరు మళ్లీ తెల్లారి చూసుకుంటారు. ఇంకెన్నేళ్లు చూసుకోగలరన్నది మీ ఓపిక మీద ఉంది.

ఇక పేరు. అచ్చు పత్రికలో ఎడిటర్ పేరు వేయడం మన దగ్గర చట్టపు లాంఛనం. “కలం పేరు పెట్టుకోండి” అని మీ సంస్థవాళ్లు తేలిగ్గా అన్నారు గానీ, మూడు నెలలకోసారి వచ్చే సంచికకు అది చెల్లుతుందో లేదో వాళ్లు కనుక్కున్నట్టు లేదు. వెబ్ పత్రికకైనా 2021 ఐటీ నిబంధనల కింద ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి, ఆయన్ని ఎలా చేరాలో సైట్లో పెట్టాలి. చిన్న సంస్థల్లో ఆ బాధ్యత కూడా ఎడిటర్ నెత్తినే వేస్తారు. ఎడిటర్‌గా దాక్కుని ఫిర్యాదుల అధికారిగా దొరికిపోతే నవ్వులపాలు. అందుకని మధ్యే మార్గం ఒకటుంది. సంస్థలో తమ సంగతి ఇప్పటికే నలుగురికీ చెప్పుకున్నవాళ్లెవరైనా కాగితం మీద ఎడిటర్‌గా ఉంటారు. మీరు అసోసియేట్‌గా లోపల పత్రిక నడుపుతారు. ఏడాది తర్వాత మళ్లీ మాట్లాడుకుందామని ఒప్పందంలోనే రాయించుకుంటారు. దీనికి మీరు చెల్లించేది తక్కువేం కాదు. ఏడేళ్ల బైలైన్, అంటే రాసినదాని మీద వచ్చే మీ పేరు, ఒక్కసారి ఆగిపోతుంది. రేపు ఇంకో ఉద్యోగానికి వెళ్తే “ఈ రెండేళ్లు ఏం చేశారు” అంటే చూపించడానికి పేరుండదు. మంచి సంచిక వచ్చినప్పుడు శాలువా ఇంకొకరి భుజాన పడుతుంది. మీరు చప్పట్లు కొట్టాలి. అది మీరనుకున్నంత సులువు కాదు, నేను కొట్టాను కాబట్టి చెబుతున్నాను.

మోసం కాదా అన్నారు. కాదు. తెలుగులో కలం పేరు సిగ్గుపడాల్సిన సంగతి ఎప్పుడూ కాలేదు. భాగవతుల శంకరశాస్త్రి ఆరుద్ర అయ్యారు. బీనాదేవి అంటే అక్క ఎవరో అనుకుంటే లోపల భార్యాభర్తలిద్దరున్నారు. మీరు పిల్లలకు “అందరూ బయటికి రండి” అని రాస్తూ తలుపు వెనక నక్కితే మోసమే. అలా ఎందుకు రాస్తారు? ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నీ ఇష్టం అని రాయండి. అది మీకూ వర్తిస్తుంది.

పైగా ఈ పత్రికల్లో ఎడిటర్ పనిలో సగం పేర్లు వేయడం కాదు, కాపాడటం. శాన్ ఫ్రాన్సిస్కోలో 1996లో గే కుర్రాళ్ల కోసం ‘ఎక్స్‌వై’ అని ఒక పత్రిక వచ్చింది, 2007 దాకా నడిచింది. 2010లో దాని స్థాపకుడు దివాలా తీస్తే, చందాదారుల జాబితా తమకు కావాలని పత్రికలో వాటాలున్నవాళ్లు అడిగారు. ఒకప్పుడు పద్ధెనిమిదేళ్లు కూడా నిండకుండా, అమ్మానాన్నలకు తెలియకుండా చందా కట్టిన పిల్లల పేర్లూ చిరునామాలూ అందులో ఉన్నాయి. ఎవరికీ ఇవ్వమని మాటిచ్చి తీసుకున్న పేర్లు అమ్మకానికి పెట్టకూడదని వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అధికారి ఉత్తరం రాశారు. చివరికి ఆ వివరాలు నాశనం చేశారు. పత్రిక పోయాక కూడా పాఠకుల పేర్లు మిగిలి ఉంటాయని, అవి ఎవడి చేతిలోనైనా పడొచ్చని ఎడిటర్‌కు మొదటిరోజే తెలియాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పద్ధెనిమిది లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మీ పాఠకుడు ఏ నాన్నకు తెలియకూడదని మీ దగ్గరికి వస్తాడో ఆ నాన్న సంతకమే అడగాలన్నమాట! అందుకే ఫోన్ నంబరూ ఈమెయిలూ అడగని ఉత్తరాల పెట్టె పెట్టండి. వివరమే లేకపోతే పోయేదీ లేదు. అయితే “నీ రహస్యం నా కడుపులో” అని ప్రతి పిల్లాడికీ మాటివ్వకండి. పిల్లలమీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పక తప్పదని పోక్సో చట్టం, ఎడిటర్‌కు మినహాయింపేం లేదు. ఆ సంగతి పెట్టె మీదే రాసి ఉంచాలి. రాత్రి రెండింటికి “ఇక బతకను” అని వచ్చే ఉత్తరాన్ని పొద్దున పదింటికి తెరిచే ఎడిటర్ ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకోండి. కనీసం మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416 ప్రతి పేజీ కింద ఉండాలి. అక్కడ తెలుగులో మాట్లాడతారు. ఇవన్నీ మీ సంస్థవాళ్లను అడిగితే, వాళ్లు పత్రిక నడపబోతున్నారో ప్రారంభోత్సవం చేయబోతున్నారో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు నోట్‌బుక్.

ఎల్‌జీబీటీక్యూ పత్రికకు ఎడిటరైనంత మాత్రాన మీరు గే అని రుజువేం కాదు. కానీ ఊళ్లో ఎవరూ రుజువు అడగరు, రచ్చబండ దగ్గర తీర్పు చెప్పేస్తారు. కాబట్టి పేరు వేస్తే నాన్నగారికి తెలుస్తుందనే లెక్క వేసుకోండి. నా మాట ఒకటే. మీ సంగతి మీ నాన్నగారికి చెప్పే పని పత్రికకు అప్పజెప్పకండి. ఆయన కత్తెర పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, జిగురు గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ అక్షరాల్లో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదది. చెబితే మీరే చెప్పండి, లేదా చెప్పకండి, రెండూ మీ హక్కే. పేరు వేసుకోవాలనే నిర్ణయిస్తే మాత్రం సంచిక ప్రెస్సుకు వెళ్లకముందే ఊరెళ్లండి. వెళ్లేముందు ఒకవేళ ఇంటి నుంచి బయటికి నడవాల్సివస్తే ఆ రాత్రి ఏ బస్సుందో, ఎవరింటికి వెళ్లొచ్చో చూసుకుని వెళ్లండి. అలా జరుగుతుందని కాదు. ఎర్ర గీత గీసే మనిషి ఎలా స్పందిస్తారో నాకు తెలియదు, ఉత్తరం చదివితే మీకూ తెలియనట్టే ఉంది. గీతలు గీసే తండ్రులు కొందరు నెలల తరబడి మాట్లాడరు, తర్వాత ఒకరోజు అచ్చుతప్పు గురించి ఫోన్ చేస్తారు. కొందరు ఫోనూ చేయరు.

చెల్లెలి పెళ్లి గురించి కొంచెం కటువుగా అంటాను, ఏమనుకోకండి. ఆరు పేజీల్లో ఆ అమ్మాయి మాట ఒక్కటీ లేదు. ఆమె ఏం చదివింది, ఏమనుకుంటోంది, ఈ సంబంధాలు ఆమెకు ఇష్టమేనా, ఏమీ లేదు. ఆమె పేరు మీద మీరు వాయిదాలు వేస్తున్నారు గానీ ఆమెను అడగలేదు. ఆగడం తప్పని నేననను. అన్న గురించి తెలిసి సంబంధాలు వెనక్కిపోయిన ఇళ్లు నాకు తెలుసు, ఆ భయం ఉత్తిది కాదు. కానీ పెళ్లయ్యాక సారె, సారె అయ్యాక సీమంతం, సీమంతమయ్యాక బారసాల, తర్వాత అత్తగారింట్లో ఏమనుకుంటారో అని ఇంకో ఐదేళ్లు. మన ఇళ్లలో శుభకార్యాలకు అంతుండదు. ఇంట్లో మొదట ఒకరికి చెప్పాలనుకుంటే ఆమెకు చెప్పడం గురించి ఆలోచించండి. ఆమె వద్దు, ఆగు అంటే అప్పుడు ఆగండి, ఎవరికోసం ఆగుతున్నారో తెలిసి ఆగుతారు. మీకంటే ముందే ఆమెకు తెలుసని తేలినా నేను ఆశ్చర్యపోను. ఒకే ఫోన్ ఛార్జర్ పంచుకుని పెరిగిన చెల్లెళ్లకు చాలా తెలుస్తాయి.

సంస్థవాళ్లు నెలాఖరులోగా చెప్పమన్నారని రాశారు. డబ్బు ఎక్కడిది, రాసేవాళ్ల పారితోషికం ఎక్కడ పెట్టారు, ఎవరి పేరు వేస్తారు, పాఠకుల వివరాలు ఎక్కడ దాస్తారు, ఈ నాలుగూ ఈమెయిల్లో అడిగి జవాబు కాగితం మీద తెచ్చుకోండి. నోటిమాట వద్దు. ఇప్పుడున్న ఉద్యోగం ఒప్పంద పత్రంలో బయట రాయకూడదనే షరతు ఉందేమో కూడా చూసుకోండి. లేకపోతే మొదటి రెండు సంచికలకు కలం పేరుతో రాసి, వాళ్ల పని పద్ధతి దగ్గర్నుంచి చూసి, అప్పుడు తేల్చుకోవచ్చు. ఎడిటర్ కుర్చీ అప్పటిదాకా ఖాళీగా ఉండకపోవచ్చు, అది మీరు ఒప్పుకోవాల్సిన నష్టం.

ఉత్తరం చివర మీ పేరూ ఫోన్ నంబరూ రాసి, కింద “దయచేసి ప్రచురించవద్దు” అని రెండు గీతలు గీశారు. ఆ పేజీ చించి కాల్చేశాను. మళ్లీ రాయాలనిపిస్తే రాయండి, నంబరు మాత్రం వేయకండి.